అంతశ్శాస్త్రీయ పాఠ్యక్రమములు – ప్రాచ్యవిద్య: ఒక పరిశీలన

భారతీయ విద్యాసంప్రదాయము విద్యాస్థానములను పదునాలుగుగా లెక్కించినది. నాలుగు వేదములు, ఆరు వేదాంగములు, మీమాంస, న్యాయము, పురాణము, ధర్మశాస్త్రము అనునవి ఆ పదునాలుగు. ఈ విభాగము అధ్యయన సౌకర్యము కొఱకు ఏర్పడినదే కాని శాస్త్రముల నడుమ గోడలు కట్టుటకు ఏర్పడినది కాదు. వాక్యార్థమును గూర్చిన విచారమే ఇందులకు చక్కని నిదర్శనము. వాక్యము వలన కలుగు బోధలో ఏది ప్రధానమను ప్రశ్నకు వైయాకరణులు ధాత్వర్థమనియు, నైయాయికులు ప్రథమాంత పదార్థమనియు, మీమాంసకులు భావన అనియు సమాధానము చెప్పిరి. ముగ్గురును ఒకే ప్రశ్నను ఎత్తుకొనిరి. ఒకరి వాదమును మఱియొకరు పూర్వపక్షముగా గ్రహించి, దానిని క్షుణ్ణముగా తెలిసికొనిన పిమ్మటనే ఖండించిరి. న్యాయ వ్యాకరణములు తెలియనివానికి తక్కిన శాస్త్రగ్రంథములు తెరచుకొనవని పండితులలో నేటికిని ప్రసిద్ధి.

ఇట్టి సంప్రదాయమున శిక్షితులైన వారికి అంతశ్శాస్త్రీయ విద్య అను మాట కొత్తగా వినిపించినను భావము కొత్తది కాదు. అయినను నేడు విశ్వవిద్యాలయములలో ఈ పేరిట ప్రతిపాదింపబడుచున్న పాఠ్యక్రమములు ప్రాచ్యవిద్యకు ఒక అవకాశమును, ఒక అపాయమును ఒక్కమారుగా కొనితెచ్చినవి. ఈ రెండింటి స్వరూపమును నిరూపించి, ఎట్టి పాఠ్యక్రమము నిలువగలదో, ఎట్టిది పేరునకు మాత్రమే మిగులునో విచారించుట ఈ వ్యాసము యొక్క ప్రయోజనము.

ప్రతిపాదనల నేపథ్యము

2020వ సంవత్సరము జూలై 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన జాతీయ విద్యావిధానము ఉన్నత విద్య అంతయు బహుశాస్త్రీయము కావలెనని నిర్దేశించినది. సంస్కృత విశ్వవిద్యాలయములు సైతము బహుశాస్త్ర విద్యాసంస్థలుగా పరిణమింపవలెనని అందు పేర్కొనబడినది. ఆ సంవత్సరముననే కేంద్ర విద్యామంత్రిత్వ శాఖ పక్షమున భారతీయ జ్ఞానపరంపర విభాగము ఏర్పడినది. పార్లమెంటు చేసిన చట్టము వలన మూడు సంస్కృత విద్యాసంస్థలు 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయములైనవి. తిరుపతిలోని రాష్ట్రీయ సంస్కృత విద్యాపీఠము జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైనది ఈ చట్టము వలననే. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘము పట్టవిద్యకు కొత్త ప్రణాళికను ప్రకటించినది. ఆ ప్రణాళికలో మూడు సంవత్సరముల పట్టమునకు 120 క్రెడిట్లు, నాలుగు సంవత్సరముల పట్టమునకు 160 క్రెడిట్లు నిర్ణయింపబడినవి. వాటిలో 9 క్రెడిట్లు విద్యార్థి తన ప్రధాన విషయమునకు వెలుపలి విషయములలో సంపాదింపవలెను.

ఈ నిర్ణయముల ఫలితముగా దేశమున అనేక విశ్వవిద్యాలయములు సంస్కృతమును కంప్యూటరుతోను, జ్యోతిషమును ఖగోళ విజ్ఞానముతోను, ఛందస్సును గణితముతోను జోడించు పాఠ్యక్రమములను రూపొందించుటకు పూనుకొన్నవి. ఉత్సాహము కొనియాడదగినదే. కాని ఒక లెక్క గమనింపదగియున్నది. ఒక క్రెడిట్టుకు 15 గంటల బోధన అని నియమము. అనగా 9 క్రెడిట్లకు 135 గంటలు. వరదరాజు రచించిన లఘుసిద్ధాంతకౌముదిలో సుమారు 1,270 సూత్రములు కలవు. ఆ 135 గంటలును ఆ ఒక్క గ్రంథమునకే వెచ్చించినను, గంటకు తొమ్మిది సూత్రములకు పైగా అర్థోదాహరణ ప్రక్రియలతో సాగవలసియుండును. సాధారణ విద్యార్థికి ఇది దుస్సాధ్యము. ఇక ఆ గంటలే మూడు నాలుగు విషయములకు పంచబడినప్పుడు విద్యార్థికి చేరునది శాస్త్రము కాదు, శాస్త్రమును గూర్చిన వార్త.

బహుశాస్త్రీయము – అంతశ్శాస్త్రీయము

ఈ రెండు పదములను పర్యాయములుగా వాడుట పరిపాటి అయినది. కాని వాటి నడుమ భేదము గొప్పది. ఒక విద్యార్థి ఉదయము వ్యాకరణమును, మధ్యాహ్నము కంప్యూటరు శాస్త్రమును చదివినచో అది బహుశాస్త్రీయ విద్య. రెండు విషయములు ఒకే కాలపట్టికలో చేరినవి, అంతియే. ఒక ప్రశ్నకు వ్యాకరణము ఒక్కటియు, కంప్యూటరు శాస్త్రము ఒక్కటియు సమాధానము చెప్పలేక, రెండును కలిసిన చోటనే సమాధానము దొరకునప్పుడు ఏర్పడునది అంతశ్శాస్త్రీయ విద్య. మొదటిదానికి కాలపట్టిక చాలును. రెండవదానికి ప్రశ్న కావలెను. కావున ఏ పాఠ్యక్రమమైనను ప్రతిపాదింపబడినప్పుడు అడుగవలసిన మొదటి మాట ఇది: ఇందు రెండు శాస్త్రములకును ఉమ్మడియైన ప్రశ్న ఏది? దీనికి సమాధానము లేని పాఠ్యక్రమము రెండు పాఠ్యప్రణాళికలను సూదితో కుట్టిన బొంత వంటిది.

ఉమ్మడి ప్రశ్న ఎట్లుండునో రెండు ఉదాహరణములతో నిరూపింపవచ్చును. ఒకటి వ్యాకరణమునకు, కంప్యూటరు శాస్త్రమునకు సంబంధించినది. రెండవది ఛందస్సునకు, గణితమునకు సంబంధించినది.

వ్యాకరణము – కంప్యూటరు

ముందుగా ఒక అపోహను తొలగించుట అవసరము. కంప్యూటరుకు సంస్కృతమే అత్యుత్తమ భాష అని అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తేల్చిచెప్పినదను వాక్యము సభలలోను, పత్రికలలోను తఱచుగా వినవచ్చును. దీనికి మూలము 1985లో ఏఐ మ్యాగజైన్ అను పత్రికలో రిక్ బ్రిగ్స్ ప్రకటించిన వ్యాసము. ఆయన నాసాకు చెందిన ఒక పరిశోధన కేంద్రమున పనిచేయుచుండెను. వైయాకరణులు శాబ్దబోధను వివరించు పద్ధతికిని, కృత్రిమ మేధలో అర్థమును నిరూపించు పద్ధతికిని పోలిక కలదని ఆయన చూపెను. అది ఒక పరిశోధకుని వ్యాసమే కాని సంస్థ యొక్క నిర్ణయము కాదు. అందు ప్రశంసింపబడినది కూడ సంస్కృతమున నిత్యవ్యవహారము కాదు, శాస్త్రకారులు వాక్యార్థమును విడమరచి చెప్పిన విశ్లేషణ పద్ధతి. ఈ భేదమును మఱచి చేయు ప్రశంస శాస్త్రమునకు గౌరవమును తేదు. ఎదుటివాడు మూలమును చూచిననాడు అది అపహాస్యమునకు గురియగును.

నిజమైన సంబంధము ఇంతకంటె లోతైనది. పాణిని అష్టాధ్యాయి ఎనిమిది అధ్యాయములు, ముప్పదిరెండు పాదములు, సుమారు 4,000 సూత్రములు గల గ్రంథము. పదునాలుగు మాహేశ్వర సూత్రముల నుండి ప్రత్యాహారములు ఏర్పడును. అనుబంధములు కార్యమును సూచించి తాము లోపించును. అధికారము, అనువృత్తి అనువాటి వలన ఒకసారి చెప్పిన మాట మరల చెప్పనవసరము లేకుండ దిగువ సూత్రములలోనికి ప్రవహించును. ఎనిమిదవ అధ్యాయమున రెండవ పాదము మొదలుకొని త్రిపాదిలో జరిగిన కార్యము వెనుకటి సూత్రముల దృష్టిలో జరుగనట్లే లెక్క. ఈ సాధనములు నేటి ప్రోగ్రాం రచనలోని సాధనములను స్ఫురింపజేయును. 1959లో జాన్ బాకస్ ప్రోగ్రాం భాషల వ్యాకరణమును వ్రాయుటకు ఒక సంకేతపద్ధతిని ప్రతిపాదించెను. 1967లో ఇంగర్‌మన్ అను శాస్త్రజ్ఞుడు ఆ పద్ధతికి పాణిని పేరును కూడ చేర్చవలెనని ఒక లేఖ ప్రకటించెను. ఆ సూచన ఆచరణలోనికి రాలేదు. కాని పోలిక అప్పటికే గుర్తింపబడినదనుట స్పష్టము.

పోలికను గుర్తించుట మాత్రమే పాఠ్యక్రమము కాజాలదు. ప్రశ్న ఎక్కడ పుట్టుచున్నదో చూడవలెను. రామాలయః అను పదమును గ్రహింపుడు. సవర్ణదీర్ఘసంధి వలన నడిమి ఆకారము నాలుగు విధములుగా ఏర్పడియుండవచ్చును. అకారమునకు అకారము, అకారమునకు ఆకారము, ఆకారమునకు అకారము, ఆకారమునకు ఆకారము పరమైన నాలుగు సందర్భములును సంధిసూత్రమునకు సమ్మతములే. అందుచేత రాముని ఆలయమనియు, రామ యొక్క, అనగా స్త్రీ యొక్క, ఆలయమనియు, అలయ శబ్దముతో మఱి రెండు విధములుగాను విడదీయవచ్చును. చదువరి క్షణకాలమున మొదటిదానిని ఎన్నుకొనును. యంత్రమునకు నాలుగును సమానములు. చదువరి ఏ ఆధారముతో మూడింటిని త్రోసిపుచ్చెనో వివరించుటయే ఇచట ప్రశ్న.

తెలుగున ఈ చిక్కు మఱింత ఆసక్తికరము. వాడికేమి చెప్పును అను వాక్యమును వాడికి ఏమి చెప్పును అని విడదీసినచో ఒక అర్థము, వాడు ఇక ఏమి చెప్పును అని విడదీసినచో వేఱొక అర్థము. మొదటి విభాగమున ఇకార సంధి జరిగినది. రెండవదానియందు ఉకార సంధి, అకార సంధి వరుసగా జరిగినవి. రెండును వ్యాకరణసమ్మతములే. సందర్భము తెలియక ఒకదానిని స్వీకరించుటకు వీలు లేదు. ఇట్టి చోటనే ప్రాచీనులు చెప్పిన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడు హేతువులు అక్కఱకు వచ్చును. నిప్పుతో తడుపుచున్నాడు అను వాక్యమున పదముల అన్వయము లోపింపలేదు, యోగ్యత లోపించినది. ఈ మూడు హేతువులను యంత్రమునకు అందునట్లు ఎట్లు నిర్వచింపవలెను? శాబ్దబోధను చదివినవాడు లేక కంప్యూటరు శాస్త్రజ్ఞుడును, కంప్యూటరు శాస్త్రజ్ఞుడు లేక శాబ్దబోధను చదివినవాడును ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేరు.

కారకప్రకరణము వేఱొక నిదర్శనము. సీతకు ఉత్తరము వచ్చినది, సీతకు కోపము వచ్చినది అను రెండు వాక్యములు రూపమున ఒక్కటే. అర్థమున మాత్రము మొదటి సీత గ్రహించునది, రెండవ సీత అనుభవించునది. మన వ్యాకరణములు కు వర్ణకమును షష్ఠీవిభక్తిలో చేర్చినవి. సంస్కృతమున సంప్రదానమునకు చతుర్థి వచ్చును. విభక్తిని చూచి కారకమును యాంత్రికముగా నిర్ణయించినచో రెండు భాషలలోను తప్పు జరుగును. తెలుగు, హిందీ వాక్యములకు పాణినీయ కారక దృష్టితో సంబంధములను గుర్తించిన పరిశోధకులు ఈ రెండవ విధమైన సీతకు అనుభవకర్త అని ప్రత్యేక సంజ్ఞ కల్పించిరి. ఇది ప్రాచీన సంజ్ఞలను యథాతథముగా అతికించుట కాదు. శాస్త్రదృష్టిని నిలిపి, భాషాస్వభావమును అనుసరించి సంజ్ఞను విస్తరించుట. శాస్త్రమును లోతుగా చదివిన వారికే ఇట్టి విస్తరణము సాధ్యము.

తెలుగునాట జరిగిన కృషి

ఈ దిశలో తెలుగుదేశమున జరిగిన కృషి తక్కువది కాదు. కాన్పూరు ఐఐటీలో ఆరంభమై హైదరాబాదు విశ్వవిద్యాలయమున కొనసాగిన అనుసారక ప్రయత్నము భారతీయ భాషల నడుమ యంత్రము ద్వారా పాఠమును అందించుటకు ఉద్దేశింపబడినది. అందు తెలుగు నుండి హిందీకి అందించు పద్ధతియు కలదు. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ మొదలగువారు అక్షరభారతి అను సమష్టినామముతో 1995లో ప్రకటించిన ఆంగ్లగ్రంథము భాషాయంత్రీకరణమును పాణినీయ దృష్టితో వివరించినది. 1998లో హైదరాబాదున ట్రిపుల్ ఐటీ ఏర్పడినది. అచట తెలుగు, హిందీ వాక్యములకు కారక సంబంధముల గుర్తింపు జరిగినది. 2006లో హైదరాబాదు విశ్వవిద్యాలయమున సంస్కృతాధ్యయన విభాగము స్థాపింపబడినది. సంస్కృత సంగణకీయ భాషాశాస్త్రమునకు సంబంధించిన అంతర్జాతీయ సదస్సులలో మొదటిది 2007లో ఫ్రాన్సు దేశమున జరుగగా, మూడవది 2009 జనవరిలో హైదరాబాదున జరిగినది.

ఆ మూడవ సదస్సున సమర్పింపబడిన పత్రములలో ఒకటి ఇచట ప్రత్యేకముగా పేర్కొనదగినది. తిరుపతి విద్యాపీఠమునకు చెందిన వ్యాకరణ పండితులు కె.వి. రామకృష్ణమాచార్యులు శాబ్దబోధ పద్ధతులను అనుసరించి సంస్కృత వాక్యములలోని పదసంబంధములను గుర్తించు విధానమును అందు ప్రతిపాదించిరి. సంప్రదాయ పద్ధతిలో శాస్త్రమును చదివిన పండితుడు యంత్రమునకు సామగ్రిని సమకూర్చు సహాయకుడుగా కాక, పద్ధతిని నిర్ణయించువాడుగా నిలిచిన సందర్భమిది. శాబ్దబోధను, భాషాసాంకేతిక విద్యను జోడించిన స్నాతకోత్తర పాఠ్యక్రమము విద్యాపీఠమున ప్రవేశపెట్టబడుటకును ఇట్టి దృష్టియే కారణము. అంతశ్శాస్త్రీయ విద్యలో ప్రాచ్య కళాశాలల విద్యార్థి స్థానము ఏది అను ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన సమాధానము ఉండబోదు.

ఇచట ఒక ఆక్షేపము కలుగవచ్చును. ఇటీవలి కృత్రిమ మేధ వ్యాకరణసూత్రములను ఎవరును చెప్పకయే, కోట్లకొలది వాక్యములను చూచి భాషను నేర్చుకొనుచున్నది. ఇక వైయాకరణునితో పని ఏమి? ఈ ఆక్షేపమును తేలికగా త్రోసిపుచ్చరాదు. విస్తారమైన పాఠము లభించు భాషలలో ఈ పద్ధతి గొప్ప ఫలితములనిచ్చినమాట వాస్తవము. కాని సంస్కృతమునకు, తెలుగునకు, విశేషించి శాస్త్రగ్రంథ భాషకు, యంత్రము చదువగల రూపమున లభించు పాఠము ఆంగ్లముతో పోల్చినచో మిక్కిలి స్వల్పము. యంత్రము చెప్పిన విభాగము సరియైనదా కాదా అని నిర్ణయించుటకు ఒక ప్రమాణము కావలెను. ఆ ప్రమాణపాఠమును సిద్ధము చేయవలసినది శాస్త్రజ్ఞుడే. యంత్రము సమాధానమును ఇచ్చును. హేతువును చూపుట శాస్త్రము పని. సూత్రములను ప్రోగ్రాముగా వ్రాయుట వలన శాస్త్రమునకును లాభము కలదు. రెండు సూత్రములు ఒకే చోట ప్రసక్తించినప్పుడు ఏది ప్రవర్తింపవలెనో చెప్పు 1.4.2 సూత్రమునకు, సూత్రపాఠక్రమములో పరమైనది ప్రవర్తించునని సంప్రదాయము అర్థము చెప్పినది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఋషి రాజ్‌పోపట్ సమర్పించి, 2022లో విశేష ప్రచారము పొందిన పరిశోధన ఆ పరశబ్దమునకు పదమున కుడివైపు భాగమునకు సంబంధించిన కార్యమని అర్థము చెప్పినది. పలువురు వైయాకరణులు దీనిని అంగీకరింపలేదు. ఇట్టి వివాదమున రెండు వ్యాఖ్యానములను వేర్వేరు ప్రోగ్రాములుగా వ్రాసి, ఉదాహరణములన్నిటిపై నడిపి, ఎచట ఏది ఇష్టరూపమును ఇచ్చుచున్నదో, ఎచట అనిష్టరూపమును ఇచ్చుచున్నదో పట్టిక వేయవచ్చును. అర్థనిర్ణయము దానితో ముగియదు. కాని వాదము గట్టి నేలపై నిలుచును.

ఛందస్సు – గణితము

రెండవ ఉదాహరణము తెలుగు విద్యార్థికి మిక్కిలి సన్నిహితమైనది. ఛందశ్శాస్త్రమున ప్రస్తారము, సంఖ్య, నష్టము, ఉద్దిష్టము మొదలగు ప్రత్యయములు చెప్పబడినవి. పింగళుని ఛందస్సూత్రముల నుండి వచ్చిన ఈ భాగమును పరీక్షలకు కంఠస్థము చేసి వదలుట సామాన్యము. గణితదృష్టితో చూచినచో ఇదియే ఆ శాస్త్రమునకు హృదయమని చెప్పదగును. గురులఘువులు రెండే గనుక మూడక్షరములకు ఎనిమిది రూపములు. అవియే మ, య, ర, స, త, జ, భ, న గణములు. ఇరువదియక్షరముల పాదమునకు 10,48,576 రూపములు కలవు.

వీటిలో ఉత్పలమాల ఎన్నవది? భ, ర, న, భ, భ, ర గణములు, పిమ్మట లఘుగురువులు దాని లక్షణము. మొదటి అక్షరమునకు 1, రెండవదానికి 2, మూడవదానికి 4 ఇట్లు రెట్టించుచు ఇరువది స్థానములకు విలువలు వేసి, లఘువులు ఉన్న స్థానముల విలువలను మాత్రమే కూడవలెను. ఉత్పలమాలలో 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానములు లఘువులు. వాటి విలువల మొత్తము 3,55,798. దానికి ఒకటి చేర్చగా 3,55,799 వచ్చును. ఛందోగ్రంథములు ఉత్పలమాలకు ఇచ్చిన వృత్తసంఖ్య ఇదియే. ఈ గణన నేటి కంప్యూటరు సంఖ్యలను రెండే అంకెలతో వ్రాయు పద్ధతికి సోదరమని విద్యార్థి తానే కనుగొనగలడు. మాత్రాఛందస్సునకు వచ్చినచో ఒక మాత్రకు 1, రెండింటికి 2, మూడింటికి 3, నాలుగింటికి 5, ఐదింటికి 8 రూపములు కలుగును. ప్రతి సంఖ్యయు తనకు ముందున్న రెండింటి మొత్తము. ఈ వరుసను విరహాంకుడు, పిమ్మట పండ్రెండవ శతాబ్దిలో హేమచంద్రుడు నిరూపించిరి. పాశ్చాత్యులు దీనికి పేరు పెట్టుకొన్న ఫిబొనాచ్చి గ్రంథము 1202 నాటిది.

ఇచటను ఉమ్మడి ప్రశ్న కలదు. వృత్తములకు సరిపోవు ఈ లెక్క తెలుగు ఉపగణములకు ఎట్లు సరిపోవును? సూర్యగణములు రెండు, ఇంద్రగణములు ఆరు, చంద్రగణములు పదునాలుగు. ఈ సంఖ్యలు కేవలము అక్షరసంఖ్య వలన కాని, కేవలము మాత్రాసంఖ్య వలన కాని రావు. ఏ నియమముతో ప్రస్తారము చేసినచో ఇవి పుట్టునో, ఆ నియమమునకు దేశిచ్ఛందస్సు నడకతో సంబంధము ఏమో విచారించుటకు గణితమును, పద్యమును చదువుటకు అలవడిన చెవియును రెండును కావలెను.

ఆచరణలోని చిక్కులు

ప్రశ్న దొరకినంత మాత్రమున పాఠ్యక్రమము నిలువదు. దానికి ఆచరణలో ఎదురగు చిక్కులు నాలుగు ముఖ్యములు.

మొదటిది అర్హత. ప్రాచ్య కళాశాలలలో చదివిన విద్యార్థులు అనేకులు పాఠశాల విద్యతోనే గణితమునకు స్వస్తి చెప్పిన వారు. స్నాతకోత్తర పాఠ్యక్రమమునకు గణితమో, కంప్యూటరు శాస్త్రమో పట్టవిద్యలో చదివియుండవలెనని నియమము పెట్టినచో వీరికి ద్వారము మూసినట్లే. శాస్త్రమును చదివినవాడు లేని శాస్త్రసంగమము అర్థరహితము. ఇందులకు మార్గము ప్రవేశానంతరము ఒక అర్ధసంవత్సరము పూరక శిక్షణ. ప్రాచ్య విద్యార్థికి తర్కగణితము, ప్రోగ్రాం రచన. ఇంజనీరింగు విద్యార్థికి సంస్కృతభాష, సంజ్ఞాసంధి ప్రకరణములు. వేలకొలది సూత్రములలో ఉత్సర్గాపవాదములను వివేచించుటకు అలవడిన బుద్ధికి ప్రోగ్రాం రచన పరాయిది కాదు.

రెండవది అధ్యాపకుడు. రెండు శాస్త్రములలోను నిష్ణాతుడైన ఒకే వ్యక్తి దొరకుట అరుదు. కావున ఒకే తరగతిలో ఇద్దరు అధ్యాపకులు కూర్చుండి, ఒకే ఉదాహరణమును ఇద్దరు రెండు వైపుల నుండి విప్పుట ఉచితము. గంటల లెక్కలో ఒకరికి మాత్రమే బోధనాభారమును కట్టు నియమములు దీనికి అడ్డు వచ్చును, వాటిని సవరింపవలెను.

మూడవది అధికారవ్యవస్థ. విశ్వవిద్యాలయమున ప్రతి విషయమునకు ఒక బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉండును. రెండు విభాగములకు చెందిన పాఠ్యక్రమము రెండింటను పరాయిదిగనే చూడబడుట కలదు. పట్టము పొందినవాడు ఉద్యోగమునకు దరఖాస్తు చేసినప్పుడు సంస్కృత విభాగము అతనిని కంప్యూటరు వాడనియు, కంప్యూటరు విభాగము సంస్కృతము వాడనియు అనుట సంభవము. పాఠ్యక్రమమును ఆమోదించిన దినముననే ఆ పట్టము ఏయే అధ్యాపక పదవులకు, ఏయే పరిశోధన ప్రవేశములకు సమానమో వ్రాతపూర్వకముగా ప్రకటించుట విద్యాసంస్థ ధర్మము. విద్యార్థి తన యౌవనమున రెండు మూడు సంవత్సరములను వెచ్చించిన పిమ్మట సమానత కొఱకు కార్యాలయముల చుట్టును తిరుగుట న్యాయము కాదు.

నాలుగవది పరీక్ష. గుర్తు పెట్టు ప్రశ్నలతో ఈ విద్యను కొలుచుట సాధ్యము కాదు. సంప్రదాయమున వాక్యార్థసభ కలదు. అచట ప్రతిజ్ఞ, హేతువు, ఆక్షేపము, సమాధానము అందరి ఎదుట జరుగును. విద్యార్థి ఒక ప్రకరణమునకు ప్రోగ్రాం వ్రాసి చూపి, అది ఎచట విఫలమైనదో తానే చెప్పి, ఆ వైఫల్యము సూత్రార్థమును అపార్థము చేసికొనుట వలననా, ప్రోగ్రాం దోషము వలననా అని పండితుల ఎదుట సాధింపవలెను. ఇట్టి పరీక్ష ఒక్కటి చాలును.

ఉపసంహారము

ఈ విచారము వలన తేలిన సారము సంగ్రహముగా ఇది. అంతశ్శాస్త్రీయ పాఠ్యక్రమము నిలుచుటకు ఉమ్మడి ప్రశ్న కావలెను. ఆ ప్రశ్నను ఎదుర్కొనుటకు విద్యార్థి ఒక శాస్త్రమునందైనను లోతు కలవాడు కావలెను. రెండు శాస్త్రములను పైపైన తాకినవాడు రెండింటి నడుమ వంతెన కాజాలడు; వంతెనకు రెండు ఒడ్డులలోను పునాది కావలెను.

ఇచటనే మొదట పేర్కొన్న అపాయము స్పష్టమగుచున్నది. గ్రంథమును ఆద్యంతము పంక్తి పంక్తిగా పాఠము చెప్పు పండితులు నానాటికి తగ్గిపోవుచున్నారు. కొత్త పాఠ్యక్రమముల పేరిట మూలగ్రంథముల పాఠమునకు బదులు వాటిని గూర్చిన పరిచయ వ్యాసములు బోధింపబడినచో, పాఠ్యక్రమము పేరు వర్ధిల్లును, దానికి ఆధారమైన శాస్త్రము క్షీణించును. కొంతకాలమునకు యంత్రము చూపిన నాలుగు విభాగములలో ఏది సరియైనదో చెప్పగలవాడు కరవగును. ఇందులకు మాఱుగా కొత్త పాఠ్యక్రమమే మూలగ్రంథ పాఠమునకు గంటలను, అధ్యాపకులను సమకూర్చినచో, ప్రాచ్య కళాశాలల విద్యార్థికి గౌరవప్రదమైన ఒక మార్గము తెరచుకొనును. ఈ రెండింటిలో ఏది జరుగుననునది పాఠ్యక్రమము యొక్క పేరుపై ఆధారపడదు. అందు లఘుకౌముదికి, శాబ్దబోధకు ఎన్ని గంటలు కేటాయింపబడినవి, ఆ గంటలలో గ్రంథమును ఎవరు పాఠము చెప్పుదురు అను రెండు విషయములపై ఆధారపడియున్నది. ప్రతిపాదనలను పరిశీలించు విద్యామండలులు మొదట చూడవలసినవి ఆ రెండే.